ఆపడమా, వదలడమా?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల పైచదువుల మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాళ్ళం. తెలుగులో ఉపన్యాసం అంటే కొంచెం తడబాటు ఉంటుంది, తప్పులుంటే మన్నించండి. ఫీజుల సంగతి, స్కాలర్‌షిప్పుల సంగతి మాకన్నా బాగా తెలిసినవారు వేదిక మీద ఉన్నారు. మేము మాత్రం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పి, దాని వల్ల మాకు తెలిసివచ్చింది మీ ముందు పెడతాము.

మా ఆపా, దుల్హాభాయ్ చాలా ఏళ్ళ కిందటే అమెరికా వెళ్ళి ఇలినాయిస్ రాష్ట్రంలో స్థిరపడ్డారు. పోయిన డిసెంబరులో ఒకనాటి రాత్రి దుల్హాభాయ్ ఫోను చేశారు. "మాస్టర్ సాబ్, నీ మేనల్లుడికి నువ్వే బుద్ధి చెప్పాలి. కాలేజీలో చేరే ముందు వేసవి అంతా డ్రమ్ము వాయిస్తూ ఊళ్ళు తిరుగుతాడట. పూర్తిగా మానెయ్యమని చెప్పు, నీ మాట వింటాడు" అన్నారు.

డ్రమ్ము అనగానే మాకు పెళ్ళి ఊరేగింపులోని బ్యాండు మేళమే గుర్తుకొచ్చింది. ఇందులో ఆలోచించేదేముంది, ఒక్క మాటతో తేల్చేద్దాం అనుకున్నాం. కాని పిల్లవాడితో మాట్లాడితే సంగతి అంత తేలిక కాదని తెలిసింది.

వాడు చేరింది డ్రమ్ కోర్ అనే దళంలో. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి మాజీ సైనికుల సంఘాలు డ్రమ్ములతో, బ్యూగిళ్ళతో ఇలాంటి దళాలను పెంచి పోషించాయి. 1971లో కొన్ని దళాలు కలిసి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థగా ఏర్పడ్డాయి. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్ అనే ఊళ్ళో దాని మొదటి ఛాంపియన్‌షిప్ జరిగింది. ఇప్పుడు ఆఖరి పోటీలు ఇండియానాపొలిస్ నగరంలోని పెద్ద స్టేడియంలో జరుగుతున్నాయి. పెద్ద దళంలో నూట యాభై మందికి పైగా కూడా ఉండవచ్చు. ఇత్తడి వాద్యాలు, డ్రమ్ములు, జెండాలు పట్టి ఆడేవారు ఉంటారు. పిల్లనగ్రోవి, క్లారినెట్ లాంటివి ఉండవు. వాయించేవారిలో చాలామంది వాయిస్తూనే మైదానంలో నడుస్తూ ఆకారాలు కట్టాలి.

వాద్యాల విషయంలో మన పెద్దలలో అభిప్రాయ భేదాలున్న మాట మాకూ తెలుసు. ఆ చర్చ మౌలానా గార్లది, లెక్కల మాస్టర్లది కాదు. ఇవాళ మేము చెప్పేది మాట ఇవ్వడం గురించి, దాన్ని ఎలా తీసుకోవాలన్న దాని గురించి.

చలికాలంలో ఆడిషన్ జరుగుతుంది. ఎంపికైన పిల్లలు నెలకో రెండు రోజులు శిబిరానికి వెళ్ళాలి. మే నెల సగం దాటాక అందరూ ఒకచోట చేరి కొన్ని వారాలు రోజంతా సాధన చేస్తారు. ఆ తర్వాత జూన్ ఆఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా ప్రయాణమే. రాత్రి బస్సులో నిద్ర, పగలు ఏదో ఒక బడి వ్యాయామశాల నేల మీద నడుము వాల్చడం, ఎండలో సాధన, సాయంత్రం ప్రదర్శన. దీనికి జీతం లేదు సరిగదా, కొన్ని వేల డాలర్లు పిల్లలే కట్టాలి. ఆగస్టు ద్వితీయార్ధంలో అక్కడి కాలేజీలు చాలావరకు తెరుస్తారు. అంటే బస్సు దిగిన కొద్ది రోజులకే క్లాసులో కూర్చోవాలి.

దుల్హాభాయ్ బాధ కూడా న్యాయమైనదే. ఆ యేడు ఆయనకు పని గంటలు తగ్గించారు. పిల్లవాడు వేసవిలో ఏదైనా కొలువు చేస్తే కాలేజీ పుస్తకాల ఖర్చు గట్టెక్కుతుంది. డ్రమ్ముకు వెళితే ఆ సంపాదన పోవడమే కాక ఎదురు డబ్బు కట్టాలి. వాడు చేరబోయేది ఇంజనీరింగు. లెక్కల్లో పునాది కాస్త గట్టిపరచుకోవలసిన అవసరమూ ఉంది. ఇది మామయ్యగా కాదు, లెక్కల మాస్టరుగా చెబుతున్నాము.

"అయితే ఈ ఒక్క వేసవి ఆపరాదా బేటా?" అని అడిగాం.

వాడు చెప్పిన జవాబు మేము ఊహించలేదు. "మామూ, నాది బేస్ డ్రమ్ము. మా వరుసలో ఐదుగురం ఉంటాం, ఐదు సైజుల డ్రమ్ములు. ఒక్కో డ్రమ్ముది ఒక్కో స్వరం. ఒకే వరుసను ముక్కలు చేసి మా ఐదుగురికీ పంచుతారు. నేను లేకపోతే శబ్దం తగ్గదు, మధ్యలో మాట తెగిపోతుంది. నాకు చోటు ఇచ్చారు, నేను సరే అన్నాను, మొదటి వాయిదా కూడా కట్టాను" అన్నాడు.

సోదరులారా, ఆ మాటతో మా నోరు మూతపడింది. ఐదుగురు కూర్చొని ఒక వాక్యాన్ని తలా ఒక అక్షరం చొప్పున చదువుతున్నారనుకోండి. నాలుగో వాడు లేచి వెళ్ళిపోతే ఆ వాక్యం ఏమవుతుంది? ఇంత బాధ్యత ఎరిగిన కుర్రవాడిని పట్టుకొని వీడికి కాలేజీ సంగతి పట్టదని అనుకున్నామే!

ఆ రాత్రి మాకు నిద్ర రాలేదు. ఎందుకంటే ఇలాంటి సలహా మేము ఇదివరకు ఒకసారి ఇచ్చి ఉన్నాము. సుమారు పదిహేనేళ్ళ కిందట మా బడిలో ఒక కుర్రవాడు జెండా పండుగకు సైడ్ డ్రమ్ము వాయించేవాడు. వాడు కర్ర ఎత్తితే నాలుగు వందల మంది పిల్లల అడుగు ఒక్కటయ్యేది. పదో తరగతికి వచ్చాక మేమే పిలిచి, "డ్రమ్ము పక్కన పెట్టు, పరీక్షలయ్యాక చూద్దాం" అన్నాం. వాడు వెంటనే పక్కన పెట్టాడు. పరీక్షలయ్యాయి, పాసయ్యాడు. ఆ తర్వాత చూసినవారు ఎవరూ లేరు, మేమూ చూడలేదు. ఇంటర్ మధ్యలో మానేశాడు. ఇప్పుడు మోటారు సైకిళ్ళ మెకానిక్కుగా గౌరవంగా బతుకుతున్నాడు. ఎప్పుడు కనబడ్డా సలాం చేసి, "సార్, ఆ డ్రమ్ము ఇప్పుడెవరు వాయిస్తున్నారు?" అని అడుగుతాడు. నవ్వుతూనే అడుగుతాడు. మాకు మాత్రం జవాబు దొరకదు. వాడిని పొద్దున్నే బడికి రప్పించింది మా లెక్కలు కావు, ఆ డ్రమ్మే అని మాకు ఆలస్యంగా తెలిసింది.

మేము ఆపమన్నాం, వాడు వదిలేశాడు. తేడా ఎక్కడ వచ్చింది? మళ్ళీ ఎప్పుడు అన్నది మేము చెప్పలేదు. తేదీ లేని విరామం విరామం కాదు, అది మర్యాదగా చెప్పిన ముగింపు.

అందుకని మర్నాడు మేనల్లుడి చేత కాగితం పెన్ను తీయించి మూడు లెక్కలు వేయించాం.

మొదటిది వయసు లెక్క. ఆ దళాల్లో ఇరవై రెండేళ్ళు దాటిన వారికి చోటు లేదు. వీడికి పద్దెనిమిది. ఈ వేసవి పోయినా ఇంకా రెండు మూడు వేసవులు చేతిలో ఉన్నాయి. అదే ఇరవై ఒకటో ఏట ఉన్నవాడైతే మా సలహా వేరుగా ఉండేది. కాలేజీ వారిని గడువు అడగవచ్చు గాని వయసును అడగలేం గదా. ఉన్న వేసవులు కూడా మన చేతిలో పూర్తిగా ఉండవు. 2020లో కరోనా వల్ల ఆ యేటి పోటీలన్నీ రద్దయ్యాయి. అదే తమకు ఆఖరి వేసవి అని ఎదురు చూసిన పిల్లలు ఎంత కుమిలిపోయి ఉంటారో! కాబట్టి ఆపితే పోయేదేమీ లేదని మేము వాడికి చెప్పలేదు. పోవచ్చు అనే చెప్పాం.

రెండోది మాట లెక్క. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోక తప్పనప్పుడు, అవతలివాడు ఇంకో మనిషిని చూసుకునే వ్యవధి ఉండగానే తీసుకోవాలి. డిసెంబరులో చెబితే ఇంకొకడు వచ్చి నేర్చుకుంటాడు. మే నెలలో చెబితే నలుగురి కష్టం పాడవుతుంది. "వెళ్ళనని నిశ్చయిస్తే ఈ వారమే చెప్పు. సిగ్గుపడి నెలలు గడిపితే అది తప్పు" అన్నాం.

మూడోది తిరిగి వచ్చే తేదీ లెక్క. మళ్ళీ ఏ నెలలో ఆడిషన్‌కు వెళతావు, ఆ డబ్బు ఏ నెలలో ఎంత కూడబెడతావు, అంతవరకు చెయ్యి మొద్దుబారకుండా వారానికి ఎన్ని గంటలు సాధన చేస్తావు? ఇవన్నీ రాయమన్నాం.

అప్పుడు దుల్హాభాయ్‌ని కూడా ఫోనులో కూర్చోబెట్టాం. "మీరూ ఒక మాట ఇవ్వాలి. వీడు మొదటి సెమిస్టరు సరిగ్గా చదివితే వచ్చే వేసవి అడ్డు చెప్పనని అనండి" అన్నాం. పెద్దవారు, కాసేపు పలకలేదు. వెనక నుంచి మా ఆపా, "అనండి మరి" అన్నది. అన్నారు.

పిల్లవాడు దళం వారికి రాశాడు. వారు మర్యాదగానే జవాబిచ్చారు. కాని చోటు దాచిపెట్టలేమని, మళ్ళీ రావాలంటే అందరితో పాటు ఆడిషన్ ఇవ్వాలని స్పష్టంగా చెప్పారు. కట్టిన వాయిదా తిరిగి రాలేదు. వాడు పది రోజులు మాతో మాట్లాడలేదు. మళ్ళీ అదే పొరపాటు చేశామా అని మేము భయపడ్డ మాట నిజం.

వేసవిలో ఒక గోదాములో పని చేశాడు. ఆగస్టులో తన దళం ఆఖరి పోటీని టిక్కెట్టు కొని ప్రేక్షకుల్లో కూర్చొని చూశాడు. తన చోటులో ఇంకొక కుర్రవాడు వాయించాడట. "బాగా వాయించాడు మామూ" అన్నాడు. ఆ ఒక్క మాట అనడానికి ఎంత గుండె కావాలో మీరే ఆలోచించండి. ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. గదిలో రబ్బరు ప్యాడ్ మీద రోజూ ఒక గంట సాధన. వచ్చే నెలలో ఆడిషన్. ఎంపికవుతాడో లేదో అల్లాకే తెలుసు. వెళ్ళడం మాత్రం వెళతాడు, ఎందుకంటే ఆ తేదీ కాగితం మీద ఉంది.

ఇదంతా అమెరికా సంగతి, మనకెందుకు అనుకోకండి. మన పిల్లల్లో ఎన్‌సీసీ వాళ్ళున్నారు, కబడ్డీ ఆడేవాళ్ళున్నారు, చక్కని అక్షరాలు రాసేవాళ్ళున్నారు. ఇంటర్ రాగానే మనం అనే మొదటి మాట "అవన్నీ కట్టిపెట్టు" అని. కట్టిపెట్టవలసి రావచ్చు. ఇంటి పరిస్థితి అలాంటిది కావచ్చు. కాని మూట కట్టేటప్పుడు విప్పే రోజు కూడా చెప్పండి. బడిలో ఎన్‌సీసీ ‘ఎ’ సర్టిఫికెట్ సంపాదించిన అబ్బాయి, ‘బి’, ‘సి’ సర్టిఫికెట్లు కావాలంటే చేరబోయే కాలేజీలో ఎన్‌సీసీ ఉందో లేదో అడ్మిషన్‌కు ముందే కనుక్కోవాలి. ఆ ఒక్క విచారణ చేయక రెండేళ్ళ శ్రమను వదులుకున్న పిల్లలను మేము చూశాం.

పిల్లలూ, మీకు కూడా ఒక మాట. పెద్దలు ఆపమంటే అలిగి వదిలెయ్యకండి. ఎప్పటిదాకా అని అడగండి. అడగడం అమర్యాద కాదు. మా మెకానిక్ శిష్యుడు ఆనాడు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మేము ఏదో ఒక తేదీ చెప్పి ఉండేవాళ్ళం. వాడు అడగలేదు. అది వాడి తప్పు కాదు. అడగకుండానే చెప్పవలసింది మేము.

ఆ డ్రమ్ము ఇప్పటికీ మా బడి స్టోరు గదిలో ఉంది. తోలు చిరిగిపోయింది. ఈ రిపబ్లిక్ డే నాటికి దానికి కొత్త తోలు వేయిద్దామని హెడ్‌మాస్టరు గారిని అడిగాం, ఒప్పుకున్నారు. ఆ ఉదయం వచ్చి పిల్లలకు నాలుగు దెబ్బలు నేర్పమని మా పాత శిష్యుడికి ఈ వారమే కబురు పెడతాము. తేదీతో సహా.