పైన గదిలో వైఫై రావట్లేదా? ప్లాన్ మార్చేముందు ఇది చూడండి

నాకు ఎక్కువగా వచ్చే మెసేజ్ ఇదే: "అన్నా, కింద హాల్లో నెట్ సూపర్. పైన గదిలో చెల్లి ఆన్‌లైన్ ఎగ్జామ్ మధ్యలో కట్ అయిపోతోంది. 100 ఎంబీపీఎస్ నుంచి 300 ప్లాన్‌కి వెళ్లమంటావా?"

ఆగండి. ముందు రూటర్ పక్కన నిలబడి ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత పైకెళ్లి చేయండి. కింద 95 వచ్చి పైన 4 వస్తే తప్పు ప్లాన్‌ది కాదు, మధ్యలో ఉన్న స్లాబ్‌ది. కాంక్రీటు, అందులోని ఇనుప చువ్వలు కలిసి సిగ్నల్‌ని తినేస్తాయి. నెలనెలా ఎక్కువ కట్టినా పెరిగేది కిందే.

అటక మీద పాత రూటర్ పడుంటుంది కదా, దాన్ని దించండి. కొనాల్సింది క్యాట్ 6 కేబుల్ ఒక్కటే. 100 మీటర్ల వరకు లాగొచ్చు. కరెంటు వైర్లు వెళ్లే పైపులోంచి మాత్రం వద్దు.

పాత రూటర్‌ని రీసెట్ చేసి, దాన్నొక్కదాన్నే ల్యాప్‌టాప్‌కి కలపండి. సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే మీరు అదృష్టవంతులు, అది ఆన్ చేస్తే చాలావరకు అదే చూసుకుంటుంది. లేకపోతే, కింద రూటర్ అడ్రస్ 192.168.1.1 అనుకుందాం. దీనికి 192.168.1.250 లాంటిది ఇవ్వండి. కింద రూటర్ ఫోన్లకి పంచే రేంజ్‌లో అది ఉండకూడదు. సేవ్ చేసి, కొత్త అడ్రస్‌తో మళ్లీ లాగిన్ అయి, అప్పుడు డీహెచ్‌సీపీ ఆఫ్ చేయండి.

డీహెచ్‌సీపీ పనేంటంటే, ఇంట్లో ప్రతి ఫోన్‌కీ ఓ నంబర్ ఇచ్చి, బయటికి దారి ఎటో చెప్పడం. ఒకే ఇంట్లో ఇద్దరు దారి చెప్తే? కొన్ని ఫోన్లు వైఫైకి కనెక్ట్ అయి కూడా నెట్ లేదంటాయి.

వైఫై పేరు, పాస్‌వర్డ్ కింద దానివే పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ ఛానెల్ మాత్రం మార్చండి: కింద 1 అయితే పైన 6 లేదా 11.

ఇక చాలామంది పప్పులో కాలేసేది కేబుల్ దగ్గరే. ల్యాన్ పోర్టు నుంచి ల్యాన్ పోర్టుకే గుచ్చాలి. సెట్టింగ్స్ ఏవీ మార్చకుండా వ్యాన్ పోర్టులో గుచ్చినా చాలాసార్లు యూట్యూబ్ వచ్చేస్తుంది, అందుకే తేడా తెలీదు. కానీ పైన వేరే నెట్‌వర్క్ అయిపోతుంది. పై గదిలో ఫోన్ నుంచి హాల్లో టీవీకి క్యాస్ట్ అవ్వదు.

పాత రూటర్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే అయితే పైన 95 దాటదు. ఎగ్జామ్‌కి అది బోలెడు. మీ రూటర్ మోడల్ నంబర్ కామెంట్‌లో పెట్టండి, ఆ సెట్టింగ్ ఏ మెనూలో ఉందో చెప్తా.