హాస్టల్ నెట్టుకు కొలత ఎవరు పెట్టాలె?

(ఆర్మూర్ సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



పసుపు ఉడకబెట్టి, ఆరబోసి, కూలి పైసలు కూడబెట్టి మన పిల్లల్ని యూనివర్సిటీ హాస్టళ్లకు తోలినం. అక్కడ నెట్టుకు రోజుకింత అని కొలత పెడితే ఎవరికి నష్టం? ఉన్నోని కొడుకు ఇంకింత డేటా కొనుక్కుంటడు. మన బిడ్డకు హాస్టల్ నెట్టే దిక్కు. గంట వీడియో పాఠానికే అర జీబీ దాకా అయిపోతది.

కేరళలో ఒక కాలేజీ హాస్టల్ సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్లు వాడొద్దన్నది. ఎదిరించిన విద్యార్థినిని వెళ్లగొట్టిండ్రు. ఆమె హైకోర్టుకు పోయింది. ఇంటర్నెట్ అందుకోవడం చదువు హక్కులో భాగమని 2019 సెప్టెంబర్ 19న కోర్టు తీర్పిచ్చింది, ఆమెను తిరిగి చేర్చుకోమన్నది.

లైను ఒక్కటే, వాడేటోళ్లు ఎక్కువ, కొలత తప్పదంటరు. సరే. ఆ కొలత సినిమాలకు పెట్టుండ్రి, పాఠానికి కాదు. కొలత పెట్టే కమిటీలో మన పిల్లలు కూడా కూసోవాలె.

1927లో మహద్ చెరువు నీళ్ల కోసం బాబాసాహెబ్ నడిచిండు. ఇయ్యాల చదువు ఈ తీగెల పారుతున్నది.

బిడ్డ ఫోన్ చేస్తే తిన్నవా అని అడుగుతం. నెట్టు వస్తున్నదా అని కూడా అడుగుండ్రి. లేదంటే అర్జీ పెడదాం. రాయనీకి నేనొస్త.