రాతి తెర వెనుక దుమ్ము

(చేతివృత్తులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



రాతి జాలీ పని అంతరించిపోతోందని ఉదయం నుంచి వింటున్నాం. నాకూ బాధే. హైదరాబాద్ పైగా సమాధుల దగ్గర ఆ జాలీల ముందు (అవి చాలావరకు సున్నపు పని అనుకోండి) ఎంతోసేపు నిలబడిపోయినదాన్నే. కానీ ఇంతసేపటి చర్చలో స్త్రీల ప్రసక్తే రాలేదు. జైపూర్‌లో 1799లో హవామహల్ కట్టింది రాణివాసపు స్త్రీలు వీధిని చూడటానికి, వీధిలోవాళ్లకు వాళ్లు కనబడకుండా ఉండటానికి. గాలీ వెలుతురూ ఇచ్చిన ఆ తెరే పరదా కూడా. తెర వెనుక కూర్చున్న స్త్రీల గురించి కొంతైనా రాశారు. తెర చెక్కినవాళ్ల ఇళ్లలోని స్త్రీల గురించి ఎవరు రాశారు?

చేత్తో జాలీ చెయ్యాలంటే పలక మీద గీతలు గీసి, బెజ్జాలు వేసి, అక్కడి నుంచి ఉలితో కొద్దికొద్దిగా తొలుచుకుంటూ పోవాలి. ఒక్క దెబ్బ తప్పితే చేసిన పనంతా పలకతో సహా పోతుంది. అంత ఓపికకు కూలి కట్టి ఇచ్చేవాళ్లు తగ్గారు. గ్రైండర్లు వచ్చాయి, తర్వాత కంప్యూటర్‌తో నడిచే యంత్రాలు వచ్చాయి. ఉలి కింద రాయి ఎక్కువగా పెంకులై రాలేది. గ్రైండర్ కింద పొగలా లేస్తుంది. ఇసుకరాయిలో సిలికా ఎక్కువ. ఆ సన్నని దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చేది సిలికోసిస్. దానికి నయం లేదు. పని మానేసినా ముదురుతూనే ఉంటుంది. మార్కాపురం పలకల పరిశ్రమను ఎరిగిన మనకు రాతి దుమ్ము కొత్త కాదు.

రాజస్థాన్ సిరోహి జిల్లాలోని పిండ్వాడాలో గుళ్ల కోసం రాయి చెక్కుతారు. గిరాకీ లేక కుదేలైన చోటు కాదది. చుట్టుపక్కల ఆదివాసీ పల్లెల యువకులు అక్కడ పనిచేసి, ఈ జబ్బుతో చిన్న వయసులోనే చనిపోయారు. రాయిని తడుపుతూ కోస్తే, దుమ్మును లాగే యంత్రం పెడితే ముప్పు చాలా తగ్గుతుంది. అది యజమానికి ఖర్చు. ఇంట్లో దుమ్ము బట్టలు ఉతకడం, మంచాన పడ్డవాణ్ణి చూసుకోవడం, అప్పు తీర్చడం మాత్రం భార్య వంతు. దాన్ని ఎవరూ ఖర్చు కింద రాయరు.

రాజస్థాన్ ప్రభుత్వం 2019లో సిలికోసిస్ విధానం తెచ్చింది. జబ్బు ధ్రువీకరిస్తే 3 లక్షలు, మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు అని అందులో ఉంది. మెచ్చుకోవలసిందే. అయితే ఈ జబ్బును టీబీ అనుకుని మందులిచ్చిన సందర్భాలెన్నో. ధ్రువపత్రం లేకుండా భర్త పోతే భార్య చేతిలో ఏముంటుంది? షెడ్డు యజమాని హాజరు పుస్తకం చూపించడు. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటు వాడేచోట పదిమంది ఉంటే వర్తించేది. 2020లో తెచ్చిన కోడ్ ఆ సంఖ్యను ఇరవైకి పెంచింది. చిన్న షెడ్లు మరింత సులువుగా తప్పించుకుంటాయి.

కళను కాపాడమని తీర్మానం చెయ్యండి, నేనూ సంతకం పెడతాను. అందులో తడి కోత, ఏటా ఎక్స్‌రే కూడా చేర్చండి. రాతిపని ఉన్న ఊళ్లలో పనిచేసే మన కార్యకర్తలు మాత్రం తీర్మానం కోసం ఆగక్కర్లేదు. ఏ షెడ్డులో, ఏ యేడు నుంచి, ఎవరి కింద చేశాడో మగవాడు బతికుండగానే ఇంటి ఇల్లాలి దగ్గర ఒక నోటు పుస్తకంలో రాసి ఉండేలా చూడండి.