దూలం పుచ్చక ముందే మేల్కొందాం
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో దూలాలకు, వాసాలకు, పశువుల కొట్టాలకు మనం గట్టు మీది చెట్లనే వాడుకుంటున్నాం. వాసం కింద పిండిలాంటి పొడి రాలుతోందంటే లోపల పుచ్చుపురుగు ఉన్నట్టే. మట్టి దారులు కట్టేది చెద, అది వేరు.

పుచ్చుపురుగుకు కావాల్సింది తెల్లచెక్కలోని పిండిపదార్థం. చేవ జోలికి అంతగా పోదు. అందుకే మన పెద్దలు చేవదేరిన చెట్టునే కొట్టేవారు. దుంగలను, వెదుళ్లను నెలల తరబడి చెరువులో నానబెట్టేవారు. నానితే పిండిపదార్థం తగ్గుతుంది. మనమేమో పచ్చికర్రనే ఎక్కిస్తున్నాం. నష్టం అక్కడే మొదలవుతోంది.

ఏం చేద్దాం? బాగా ఆరిన కలపకు, రంగు వేయకముందే, వేపనూనో కానుగనూనో రెండు మూడు పూతలు పూద్దాం. చెక్క సందులు మూసుకుంటే పురుగు గుడ్లు పెట్టడం కష్టం. పుచ్చిన పీటలు, మంచం కోళ్లను ఎండాకాలంలో నల్లపట్టా చుట్టి మండుటెండలో పెడదాం. లోపలిదాకా 55 డిగ్రీల వేడి తగిలితే పురుగు చస్తుంది.

దూలం సంగతి వేరు. పైపూత లోపలి పురుగును అందుకోదు. ఉలితో గుచ్చి చూద్దాం. సులువుగా దిగితే నూనెను నమ్ముకోవద్దు, దూలం మార్చాల్సిందే. దాని కిందే మన పిల్లలు పడుకుంటారు.

వేప, కానుగ గింజలు మన గట్ల మీదే రాలుతున్నాయి. ఈ ఏడు వాటిని ఏరి, గానుగాడించి, ఇంటి అవసరానికి దాచుకుందాం.