ఖర్చు లేని ఉల్లాసం
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు "నలుగురికీ పనికొచ్చే సంగతి ఏదైనా చెప్పండి భాయ్‌సాబ్" అన్నారు. నేను డాక్టరును కాను, పండితుణ్ణీ కాను. గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అందుచేత మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను.

మా ఆవిడ పోయిన తరువాత ఆరు నెలలు నేను కుర్చీలోంచి లేవలేదంటే అతిశయోక్తి కాదు. అదే రోజుల్లో మా మనవడు పరీక్ష తప్పాడు. వాడు గదిలో తలుపు వేసుకునేవాడు, నేను వరండాలో కూర్చునేవాణ్ణి. దస్తర్‌ఖాన్ ముందు ఒకరి మొహం ఒకరు చూడకుండా తిని లేచేవాళ్ళం. మధ్యలో కోడలు నలిగిపోయింది.

ఒకనాడు ఆమె పుదీనా ఆకులు గిల్లుకుని కాడలు నా చేతికిచ్చి, "అబ్బాజాన్, వీటిని నీళ్ళలో పెట్టండి" అంది. పెట్టాను. కొద్ది రోజులకు తెల్లని వేళ్ళు వచ్చాయి. పగిలిన బకెట్టులో మట్టి పోసి నాటాను. నవ్వకండి! పొద్దున్నే లేచి చూడడానికి నాకొక పని దొరికింది. పారవేసే కాడ చిగురు వేస్తే మనసుకు ఎంత ధైర్యమో అప్పుడు తెలిసింది.

తరువాత మనవణ్ణి నడకకు పిలిచాను. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా దాటి, నాగార్జున సర్కిల్ మీదుగా జలగం వెంగళరావు పార్కు దాకా. మొదటి మూడు రోజులు వాడు నోరు విప్పలేదు. నేనూ అడగలేదు. నాలుగో రోజు వాడే "దాదా, నాకు భయమేసింది" అన్నాడు. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాట పక్కపక్కన నడిస్తే వచ్చింది.

దీనికి శాస్త్రం కూడా ఉన్నదట. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2014లో ప్రచురించిన అధ్యయనంలో, కూర్చున్నప్పటి కంటే నడిచేటప్పుడు కొత్త ఆలోచనలు సగటున 60 శాతం ఎక్కువ వచ్చాయి. గోడకు ఎదురుగా యంత్రం మీద నడిచినా ఫలితం కనిపించింది. అయితే ఒకే జవాబు ఉండే ప్రశ్నలకు మాత్రం నడక ఉపయోగపడలేదు. కనుక పిల్లలూ, లెక్కలు కూర్చునే చేయాలి!

ఇక మూడోది బైత్‌బాజీ. ఒకరు చెప్పిన షేర్ ఏ అక్షరంతో ముగిస్తే, రెండోవారు ఆ అక్షరంతో మొదలుపెట్టాలి. కరెంటు పోయిన ఒక రాత్రి మా ఇంట్లో మొదలైంది. తెలుగు మీడియంలో చదివిన మనవరాలు వేమన పద్యాలతో మమ్మల్నందరినీ ఓడించింది. షేర్ గుర్తు రానప్పుడు మనవడు సొంతంగా కట్టి చెప్పాడు. ఛందస్సు లేదు, నవ్వు మాత్రం బోలెడు. చాలా రోజులకు ఆ ఇంట్లో నవ్వు వినిపించింది.

అక్కచెల్లెళ్ళకు నేను చెప్పేదేముంది? దర్జీ దగ్గర మిగిలిన గుడ్డ పీలికలతో బొంత కుట్టేటప్పుడు ఏ రంగు పక్కన ఏ రంగు అని ఆలోచిస్తారే, అదీ కళే. కాకపోతే దాన్ని పని అన్నాం గాని కళ అనలేదు. ఆ తప్పు మా మగవాళ్ళది.

ఒక మాట మరచిపోరాదు. ఇవన్నీ మామూలు దిగులుకు మందులు. నిద్ర, తిండి మాని, రెండు మూడు వారాలు మనిషి తేరుకోకపోతే పుదీనా నాటమని చెప్పి ఊరుకోకండి. డాక్టరుకు చూపించండి. బతకాలని లేదని ఎవరైనా అంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్‌కు 14416 నంబరులో పైసా ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు. ఇందులో సిగ్గుపడవలసింది లేదు.

మన అమీర్‌పేటకు ఎక్కడెక్కడి పిల్లలో చదువుకోవడానికి వస్తారు. కిరాయి గదుల్లో ఒంటరిగా ఉంటారు. నా మనవి ఒక్కటే: ఆదివారం సాయంత్రం ఒక గంట సొసైటీ గది తెరిచి ఉంచండి. బైత్‌బాజీ ఆడుకుందాం, చాయ్ తాగుదాం. పక్క గది పిల్లవాణ్ణి కూడా పిలుద్దాం. చాయ్ ఖర్చు మొదటి నెల నాది.

సెలవు.