నొప్పికి సాక్ష్యమేది?

ఎముక విరిగినచో ఎక్స్‌రే చిత్రము సాక్ష్యము చెప్పును. జ్వరము వచ్చినచో థర్మామీటరు చెప్పును. కొడవలి కణ వ్యాధిలో, అనగా సికిల్ సెల్ వ్యాధిలో, కలుగు నొప్పికి మాత్రము రోగి నోటిమాటయే సాక్ష్యము. ఆ మాటను వైద్యులమైన మేము ఎంతవరకు నమ్ముచున్నామన్నదే నేటి ప్రసంగ విషయము.

రక్తములోని హీమోగ్లోబిన్ నిర్మాణమున ఒక అమైనో ఆమ్లమునకు బదులు మరియొకటి చేరుటయే ఈ వ్యాధికి మూలము. తల్లిదండ్రు లిరువురినుండియు ఈ లోపము సంక్రమించిన బిడ్డలో, ప్రాణవాయువు తగ్గినపుడు, గుండ్రని ఎఱ్ఱ కణములు కొడవలివలె వంగి, బిరుసెక్కి, సన్నని రక్తనాళముల కడ్డుపడును. నెత్తురందని ఎముకలలో, ఛాతీలో భరింపరాని నొప్పి పుట్టును. చలి, జ్వరము, నీరు చాలకపోవుట దీనిని రేపవచ్చును. ఒక్కొక్కప్పుడు కారణమే కానరాదు.

షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో ఈ కణముల ఆకారమును వర్ణించెను. మన దేశమున 1952లో నీలగిరి కొండజాతులలో వీనిని గుర్తించిరి. ఆదిలాబాదు అడవులలోను, విశాఖ మన్యములోను ఈ వ్యాధితో బ్రదుకుచున్న కుటుంబములు గలవు. కనుక ఇది మన యింటి విషయమే.

ఒకప్పుడు మా వార్డులో ఒక యువకుడుండెను. నొప్పి యెంతయని అడిగితిమి. పదింట ఎనిమిది యనెను. అనుచునే ప్రక్క మంచముమీది పిల్లవానితో నవ్వుచు మాటలాడెను. నవ్వువానికి అంత నొప్పి యెట్లుండునని శంకించి మందు తగ్గించితిమి. రాత్రి యంతయు అతడు నిద్రపోలేదు. తెల్లవారినపిమ్మట, “చిన్ననాటినుండి ఈ నొప్పితోనే ఉన్నానండీ. ఏడ్చినా తగ్గదు గనుక నవ్వడం నేర్చుకున్నాను” అనెను. మేము తలవంచుకొంటిమి.

ఇట్టి పొరపాటు మా యొక్కరిదే కాదు. ఈ నొప్పితో వచ్చినవారికి ముప్పది నిమిషములలోపల మందు అందవలెనని, తన వ్యాధి విషయమున రోగినే నిపుణునిగా నెంచవలెనని ఇంగ్లండులో 2012లో నియమ మేర్పడినది. అయినను, 2021లో బ్రిటిష్ పార్లమెంటు సభ్యుల బృందము విచారించినపుడు, మందు ఆలస్యమగుచున్నదని, తమ మాట నమ్ముట లేదని రోగులు మొరపెట్టుకొనిరి. నియమము వ్రాయుట వేఱు, మనసు మారుట వేఱు.

మార్ఫిన్ వంటి మందు అలవాటగునను భయము వైద్యులకును, బంధువులకును గలదు. అది పూర్తిగా నిరాధారము కాదు. శ్వాసను కనిపెట్టుచు జాగ్రత్తగా ఈయవలసిన మందే. కాని పలుమార్లు వాడిన శరీరమునకు ఎక్కువ మోతాదు కావలసివచ్చుట వేఱు, వ్యసనము వేఱు. మన దేశమున 2014లో చట్టమును సవరించి, వైద్యమునకు అవసరమైన ఇట్టి మందులు దొరకుటకు దారి సుగమము చేసిరి.

రోగికి తృప్తి యనగా నొప్పి యంతయు మాయమగుటయే కాదు. వచ్చినవెంటనే పలుకరించుట, చెప్పినది నమ్ముట, మందిచ్చిన అరగంటకో గంటకో “ఇప్పుడెట్లున్నది?” అని మరల అడుగుట — తృప్తి వీనిలో గలదు. హైడ్రాక్సీయూరియా అను మందు నొప్పి వచ్చు తడవలను తగ్గించును. వైద్యుని పర్యవేక్షణలో దానిని వాడవలెను.

ఇంటివారికి రెండు మాటలు. వెనుకటిసారి ఏ మందు, ఎంత మోతాదులో గుణమిచ్చినదో కాగితముపై వ్రాసి దగ్గరుంచుకొనుడు. జ్వరము, ఛాతీనొప్పి, ఆయాసము, మాట తడబడుట కనిపించినచో తెల్లవారువఱకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపొండు. అచ్చట మేము తొందరలో వినకపోయినచో, మరల చెప్పుడు. వినుట మా విధి.