పులిహోర, జిడ్డు, రెడ్ ఫ్లాగ్: అమ్మాయిల హాస్టల్ మాటలు



యూనివర్సిటీ అమ్మాయిలు అబ్బాయిల గురించి తమలో తాము చెప్పుకునే మాటలు స్మారకోపన్యాసానికి తగిన విషయమా అని కొందరికి అనిపించవచ్చు. కానీ 1892లో రంగమెక్కిన కన్యాశుల్కం నాటకం సాని మాటనీ, వీధి మాటనీ సాహిత్యంలో కూర్చోబెట్టింది ఈ ఉత్తరాంధ్రలోనే. ఇక్కడ నిలబడి మాటల కులగోత్రాలు అడగడం నాకు చేతకాదు. నా వాదన ఒక్కటే: ఈ మాటలు పైకి వేళాకోళం, చేసే పని కాపలా.

వ్యాకరణం చూడండి. అబ్బాయిల పాత యాసలో అమ్మాయి ఒక ఫిగరు, ఒక పిట్ట. లైను వేసేది ఆమెకి, పడేసేది ఆమెని. అమ్మాయిల మాటల్లో అతను కర్త. ‘పులిహోర కలుపుతున్నాడు’, ‘బిస్కెట్లు వేస్తున్నాడు’, ‘గోకుతున్నాడు’, చివరికి ‘హ్యాండిచ్చాడు’. అతను అందగాడా కాదా అన్నది ఈ క్రియలకి అక్కర్లేదు, ఏం చేస్తున్నాడన్నదే కావాలి. వీటి మధ్య తేడాలూ సన్ననివే. బిస్కెట్ వేసేవాడి పొగడ్త వెనక ఏదో అవసరం ఉంటుంది. పులిహోర కలిపేవాడికి అవసరంతో పనిలేదు, ఎవరు దొరికినా తీపి కబుర్లే. గోకడమంటే రాత్రి పదకొండింటికి ‘తిన్నావా’, జవాబు రాకపోతే ‘పడుకున్నావా’. పక్క మంచం మీది స్నేహితురాలు ఫోన్ వైపు చూసి ‘ఏటే, మళ్ళీ గోకుతున్నాడేటి?’ అందంటే ప్రశ్న, తీర్పు, హెచ్చరిక మూడూ అయిపోయాయి. కన్యాశుల్కంలో గిరీశం బుచ్చమ్మ దగ్గర వల్లించిన కబుర్లకి ఇంతకన్న సరైన పేరు మన విమర్శకులు పెట్టలేదు: పులిహోర.

ఇవన్నీ సినిమాలూ రీల్సూ ఇచ్చినవే, అమ్మాయిలు పుట్టించినవి కావని కొందరంటారు. నిజమే, కొన్ని అబ్బాయిల నోటినుంచే వచ్చాయి. కానీ అబ్బాయి గొప్పగా చెప్పుకున్న క్రియనే అమ్మాయి తిప్పి అతనిమీద ప్రయోగిస్తే దాని అర్థం మారుతుంది. ‘రెడ్ ఫ్లాగ్’ ఇంగ్లీషే. అయితేనేం, తుఫాను ముందు విశాఖ రేవులో ఎగరేసే ప్రమాద సూచిక పని అది చేస్తోంది. పెళ్ళిళ్ళలో వియ్యాలవారిని ఎత్తిపొడుస్తూ పాటలు కట్టిన ఆడవాళ్ళ మనవరాళ్ళకి ఈ విద్య కొత్తగా ఎవరూ నేర్పనక్కర్లేదు.

అన్యాయం జరగదా అన్న ప్రశ్న మాత్రం బరువైనది. జరుగుతుంది. మాట పెగలని పిల్లాడు రెండుసార్లు ఎదురుపడితే ‘జిడ్డు’ అయిపోతాడు, కోర్సు అయ్యేదాకా ఆ పేరు వదలదు. ఇది క్రియ కాదు, ముద్ర. నేను దీన్ని సమర్థించను. కానీ రెండువైపులా నష్టం సమానం కాదు. 2008 డిసెంబరులో వరంగల్‌లో, ప్రేమ కాదన్నందుకు ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. కాదంటే ఏమవుతుందో తెలియని చోట, ఎవడు ఎలాంటివాడో ముందుగా చెప్పుకోవడానికి పొట్టి మాటలు కావాలి. పెద్దలకి చెబితే చదువు మాన్పిస్తారన్న భయం ఉన్నంతకాలం అవి గుసగుసగానే ఉంటాయి.

గుసగుసే అయినా ఈ మాటల్ని నమోదు చేయాలి, అందుకు దారి ముందే ఉంది. ఈ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వచ్చింది. అందులో రైతు నోటి మాటకి పొలం దగ్గరే గౌరవం దక్కింది. తరవాత నేతగాళ్ళ మాటలకీ దక్కింది. తెలుగు శాఖవారికి నా మనవి: ఈ మాటలనూ ఊరూ సంవత్సరంతో సహా సేకరించండి. సేకరణ అమ్మాయిల చేతికే అప్పగించండి. ఎవరి పేరూ రాయకండి.